సంతోషం గారికి, శాలిబండ నుంచి

మహారాజశ్రీ సంతోషం గారి సముఖమునకు,

హైదరాబాదు పాతబస్తీ, శాలిబండ, హరిబౌలి పక్క గల్లీ నుంచి నమస్కరించి వ్రాయునది.  

మీకు నేను కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ ఎవరి కాళ్లకు మొక్కినా మీ పేరు చెప్పే దీవించారు. ప్రభుత్వ బడిలో తెలుగు పంతులమ్మగా ఉన్నన్నాళ్లూ, పదో తరగతి వీడ్కోలు సభల్లో నేను పిల్లలను దీవించిందీ మీ పేరుతోనే. మీరంటే నాకు గౌరవం. ఆ గౌరవం కొద్దీ ఇన్నేళ్లూ నోరు మెదపలేదు. ఇప్పుడు చూస్తే ఫోన్ తెరిచినా మీరే, గోడ మీది ప్రకటనలోనూ మీరే, ఇంటికొచ్చిన చుట్టం అడిగే మొదటి ప్రశ్నలోనూ మీరే. బతుకంతటికీ ఒకే గురి ఉండాలట, ఆ గురి మీరేనట. అది నిజమేనా అని అడగడానికే ఈ ఉత్తరం. చివరిదాకా చదవమని మనవి.

ముందుగా మా ఇంట్లో మీకు జరిగిన మర్యాదలు గుర్తుచేస్తాను. నేను కోడలిగా వచ్చేనాటికి ముందు గది గోడలకు వెల్ల మాత్రమే ఉండేది. మీరొస్తారని రంగు వేయించాం. మీరొస్తారని చిట్టీ పాడి టీవీ కొన్నాం, ఆ తర్వాత సోఫా, ఆ తర్వాత బండి. మా ఆడబిడ్డ పెళ్లికి పెద్ద ఫంక్షన్ హాలు మాట్లాడి, బరాత్‌కు బ్యాండు పెట్టి, పిలిచినవాళ్లకూ పిలవనివాళ్లకూ సరిపోయేంత వండించాం. అన్నీ మీ పేరు మీదే. ఆ రాత్రి మీరు వచ్చిన మాట నిజం, కాదనను. హాలు వాళ్లు కుర్చీలు మడతపెట్టే వేళకు మీరూ వెళ్లిపోయారు. వడ్డీ మాత్రం మా దగ్గరే ఉండిపోయింది. పెళ్లికూతురి కొడుకు బడికి పోయేదాకా కడుతూనే ఉన్నాం. ఇన్ని మర్యాదలు అందుకున్నవారు ఒక్కసారైనా వచ్చి, మా పరేషానీ చూసి, ఇదంతా నాకు అక్కర్లేదమ్మా అని చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

నా మొదటి ఫిర్యాదు మీ చిరునామా గురించి. మీరు పదో తరగతి పాసైన చోట ఉంటారని చెప్పారు. పిల్లలు అక్కడికి పోతే ఇంటర్ దగ్గరికి మారారన్నారు. అక్కడి నుంచి ఇంజనీరింగ్ సీటు, తర్వాత ఉద్యోగం, తర్వాత అమెరికా వీసా, తర్వాత సొంతిల్లు. "ఈ రెండేళ్లు కష్టపడితే జిందగీ అంతా హ్యాపీ అని మీరన్నా చెప్పుండ్రి టీచరమ్మా" అని తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చి అడిగేవాళ్లు. ఆ రెండేళ్లు ఎప్పుడు అయిపోతాయో అడిగిన పిల్లవాడికి జవాబు చెప్పినవాళ్లు నాకు కనబడలేదు. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పులతో వచ్చాయి. పరీక్ష రాసిన పిల్లలను రాయలేదన్నారు, మార్కులు రావాల్సిన చోట సున్నాలు వేశారు. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. లెక్క తప్పినవాళ్లు వేరే ఉన్నారని నాకు తెలుసు, ఆ పాపమంతా మీ మీద వేయను. కానీ పదిహేడేళ్ల పిల్ల ఒక కాగితం చూసి ఇక బతుకే లేదనుకుందంటే, మీరు ఆ కాగితం అవతల మాత్రమే ఉంటారని ఇంటా బయటా ఏళ్ల తరబడి చెప్పడమూ అందులో ఉంది. ఆ రాత్రుల్లో మీరు ఒక్క గడపకైనా పోయి, నేను ఉండేది అక్కడ కాదు బిడ్డా అని ఎందుకు చెప్పలేదు? మీకు అన్ని దారులూ తెలుసు కదా. ఈ ఒక్క సంగతిలో నేను మిమ్మల్ని క్షమించలేను.

మాలాంటి వాళ్లకే ఇట్లా జరిగిందా, పెద్దలకు మీరు దక్కారా అని కూడా చూశాను. మా శాలిబండ నుంచి దక్షిణంగా అలియాబాద్, ఇంజన్ బౌలి దాటితే గుట్ట మీద ఫలక్‌నుమా కనబడుతుంది. పైగా అనే వంశానికి చెందిన నవాబు వికారుల్ ఉమ్రా 1884లో దాన్ని మొదలుపెట్టారు. ఇటలీ పాలరాయి తెప్పించారు, నూటొక్క మంది ఒకేసారి కూర్చుని తినే బల్ల వేయించారు. తొమ్మిదేళ్లు పట్టిన ఆ పనికి ఆయన ఆస్తి చాలక అప్పుల పాలయ్యారని చెబుతారు. 1897లో అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి పోయింది. ఆ నిజాం గారు కూడా 1911లో ఆ మేడలోనే కన్నుమూశారు, ఇంకా యాభై నిండలేదు. 2010 నుంచి అది హోటలు. ఆకాశానికి అద్దమని పేరు పెట్టుకున్న మేడలో కట్టించినవారికీ మీరు నిలవలేదు, కొన్నవారికీ నిలవలేదు. వాళ్లిద్దరి గురించి మీరు ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని ఉంది.

ఇంకొకరి సంగతి కూడా చెప్పాలి, ఆయన మా శాలిబండ మనిషి. మహారాజా కిషన్ పర్షాద్ గారు. 1864లో పుట్టి 1940లో పోయారు. వికారుల్ ఉమ్రా తర్వాత, 1901 నుంచి 1912 దాకా హైదరాబాద్ దివాన్‌గా ఉన్నారు. 1926 నుంచి పదేళ్లకు పైగా మళ్లీ ఆ స్థాయి పదవిలోనే ఉన్నారు. ఆయన దేవిడీ మా బస్తీలోదే. ఉర్దూలో, పారసీలో కవిత్వం రాసి, షాద్ అని మీ పేరే కలం పేరుగా పెట్టుకున్నారు. మిమ్మల్ని అంత దగ్గర చేసుకున్న దివాన్ గారి కాలంలోనే, 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. పదిహేను వేల మంది దాకా కొట్టుకుపోయారంటారు. అఫ్జల్‌గంజ్ వైపు వీధులకు వీధులే లేకుండా పోయాయి. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. కిషన్ పర్షాద్ గారి సలహా మీద నిజాం గారు లాల్ దర్వాజా అమ్మవారికి మొక్కుకున్నారని మా దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ తర్వాత ఈ ఊరు ఏం చేసిందన్నదే నేను మీకు చెప్పదలచుకున్న అసలు సంగతి. సంతోషంగా ఉండే నగరం కడతామని ఎవరూ అనలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని 1909లో పిలిపించి, ఈ నీళ్లు మళ్లీ ఇళ్ల మీదికి రాకుండా ఏం చేయాలో చెప్పమని అడిగారు. ఎక్కడ ఎంత వాన పడింది, ఏ చెరువు ఎప్పుడు తెగింది, నదిలో ఎంత నీరు పట్టలేకపోయింది, అన్నీ లెక్క తీసి, ఊరికి ఎగువన నీటిని ఆపాలని ఆయన చెప్పారు. 1920కి మూసీ మీద ఉస్మాన్ సాగర్, 1927కి ఈసీ వాగు మీద హిమాయత్ సాగర్ వచ్చాయి. ఉస్మాన్ సాగర్ అంటే మా గండిపేట. వరదను ఆపడానికి కట్టిన చెరువే ఊరి గొంతు తడిపింది. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడని మా పెద్దవాళ్లు గర్వంగా అనేవాళ్లు. ఆ కట్ట మీద మట్టి మోసినవాళ్లలో, రాయి పేర్చినవాళ్లలో మిమ్మల్ని గురిగా పెట్టుకున్నవారు ఒక్కరైనా ఉండి ఉంటారా? వాళ్ల గురి నీళ్లు. ఇంట్లో నల్లా తిప్పగానే మంచినీళ్లు పడిన మొదటి పొద్దు మీరు ఈ గల్లీలన్నిటికీ వచ్చి ఉంటారు. ఎవరూ పిలవకుండానే వచ్చి ఉంటారు.

ఇది పాత కథ అనుకోకండి. 2020 అక్టోబరు వానలకు ఫలక్‌నుమా కింద అల్ జుబైల్ కాలనీ మునిగింది. మనుషులు రోజుల తరబడి నడుము లోతు నీళ్లలో తిరిగారు. వాళ్లు అడిగింది నాలా బాగుచేయమని. ఆ అడిగినదానికి ఒక కొలత ఉంది. నాలా ఎంత వెడల్పు ఉండాలో చెప్పవచ్చు, తవ్వారో లేదో పోయి చూడవచ్చు, తవ్వకపోతే అడగవచ్చు. మిమ్మల్ని ఇస్తామని చెప్పి ఇవ్వని నాయకుణ్ణి ఏమని నిలదీయాలి? ఏ కొలబద్ద పట్టుకుపోవాలి?

ప్రభుత్వాలకు మీరంటే ఎందుకంత ఇష్టమో ఇక్కడే నాకు అర్థమవుతుంది. మధ్యప్రదేశ్ 2016లో మీకోసం ఒక శాఖనే పెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018 ఏప్రిల్లో అమరావతి పేరు మీద ఆనంద నగరాల సదస్సు జరిపింది. ఎక్కడెక్కడి నిపుణులో వచ్చి ఒక నగరం జనాన్ని ఎట్లా ఆనందంగా ఉంచగలదో మాట్లాడారు. ఆ నగరానికి అప్పటికే రైతులు ముప్పై మూడు వేల ఎకరాలకు పైగా ఇచ్చి ఉన్నారు. మరుసటి ఏడు ప్రభుత్వం మారింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. ఆ రైతులు, ముఖ్యంగా ఆడవాళ్లు, టెంట్ల కింద కూర్చున్నారు. చలిలో కూర్చున్నారు, ఎండలో కూర్చున్నారు, ఏళ్లు కూర్చున్నారు. అక్కడ ఒక్కరు కూడా మిమ్మల్ని అడగలేదు. ఇచ్చిన మాట అడిగారు, కౌలు డబ్బు అడిగారు, కాగితం మీద గీసిన ప్లాటు నేల మీద ఎక్కడుందో చూపించమన్నారు. సదస్సులో అన్ని మాటలు మీ గురించి విన్నారు కదా, ఆ టెంటుకు మీరు ఒక్కసారైనా పోయారా?

ఐక్యరాజ్య సమితి ఏటా మార్చి 20న మీ పేరున ఒక దినం జరుపుతోంది. అదే వేళకు దేశాలకు వరస నంబర్లు వేసే నివేదిక కూడా వస్తుంది. 2024లో 143 దేశాల్లో మనది 126వ స్థానం. ఆ లెక్క తీసే పద్ధతి ఇది: సున్నా నుంచి పది దాకా మెట్లున్న ఒక నిచ్చెన ఊహించుకోవాలి, పైమెట్టు మీకు దొరకగల మేలైన బతుకు, కిందిది అధ్వాన్నమైనది, మీరు ఇప్పుడు ఎక్కడ నిలబడ్డారో చెప్పాలి. పత్రికలో చదివి మా పక్కింటి ఆపాను ఇదే అడిగాను. ఆమె లాడ్ బజార్ దుకాణానికి లక్క గాజులకు రాళ్లు పొదుగుతుంది. గాజును నిప్పు సెగకు చూపించి, లక్క మెత్తబడే ఆ కాస్త సేపట్లో సన్నటి చిమటాతో రాయిని పట్టి అందులో దించాలి. ఎక్కువ వేడైతే లక్క జారుతుంది, చల్లారితే రాయి నిలవదు. వేలి కొసలు కాలి కాలి మొద్దుబారాయి. జత లెక్కన కూలి. ఆ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కూలి మాత్రం పెద్దగా పెరగలేదని ఆమె అంటుంది. నా ప్రశ్నకు తల ఎత్తకుండానే జవాబు చెప్పింది: "చేతిల రాయి ఉన్నప్పుడు ఇవన్నీ అడగకు టీచరమ్మా, వరస తప్పుతది." గాజు పూర్తయ్యాక బల్బు కింద తిప్పి తిప్పి చూసుకుంది. ఒక రాయి ఎత్తుగా ఉందనిపించి మళ్లీ సెగ చూపించి ఒత్తింది. ఆ చూపులో మీరున్నారు, నాకు కనబడ్డారు. అడిగితే మాత్రం ఆమె ఏ మెట్టు చెప్పి ఉండేదో!

ఇక నా ఇంటి సంగతి. ఇది రాయడానికి చెయ్యి ఆగుతోంది, అయినా రాయకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు.

మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట కూడా పోయింది. దవాఖానలో చేయగలిగింది చేసి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మీకోసం రంగు వేయించిన ముందు గదిలో ఆమె మంచం వేశాం. ఆమె పోయేదాకా, ఏళ్ల తరబడి, ఆ గదే నా లోకం. మంచంలో పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడుతుంది, ఆ తర్వాత పుండు పడుతుంది. ఊరికే లాగితే తిరగరు. ముందు అవతలి మోకాలు మడవాలి. ఒక చెయ్యి భుజం వెనక, ఒక చెయ్యి తుంటి వెనక పెట్టి, కింద పరిచిన దుప్పటితో సహా మన వైపు లాక్కోవాలి. వీపు వెనక దిండు పెట్టాలి, మోకాళ్ల నడుమ ఇంకొకటి. గంజి పట్టేటప్పుడు తల ఎత్తి గడ్డం కొంచెం వంచాలి, లేకపోతే గొంతుకు అడ్డం పడుతుంది. మింగిందో లేదో చూసుకుని ఇంకో చెంచా. ఇవన్నీ ఒక నర్సమ్మ ఓపికగా నాకు నేర్పింది. ఆమె చల్లగా ఉండాలి.

ఆ ఏళ్లలో మీరు మా గడప ఛాయలకు రాలేదు. నిద్ర లేదు, నడుము నొప్పి, ఎంత కడిగినా పోని వాసన. తోటి టీచర్లు జాలిపడి, "నీ సంతోషం కూడా చూసుకోవాలి కదా, ఆమెను ఎక్కడన్నా హోంలో పెట్టరాదూ" అన్నారు. అది నా మేలు కోరిన మాట. ఇంట్లో చూసే మనిషి లేక హోంలో పెట్టినవాళ్లను నేను ఒక్క మాట అనను. అయితే ఆ సలహా విన్న రాత్రి మంచం పక్కన చాప మీద పడుకుని చాలాసేపు ఆలోచించాను. నాకు ఆ రోజుల్లో మీరు లేరు, అది ఖాయం. కానీ ఎవరైనా వచ్చి, ఆ ఏళ్లు తీసేసుకుని వాటి బదులు అంతకు రెట్టింపు ఏళ్లు మీతో నింపి ఇస్తామంటే, నేను ఇవ్వను. ఈ రోజు అడిగినా ఇవ్వను. బతుకుకు గురి మీరే అయితే ఈ మాట అనేవాళ్లు పిచ్చివాళ్లు కావాలి. నాకు పిచ్చి లేదు. బిడ్డల జ్వరాలకు రాత్రంతా కూర్చున్న తల్లులు, ముసలి తండ్రిని వీపున మోసుకుని దవాఖాన మెట్లెక్కిన కొడుకులు, వీళ్లెవరికీ పిచ్చి లేదు. అక్కడ ఉండాల్సింది నేనే అన్న ఎరుక ఒకటి ఉంటుంది. దానికి మీతో పని లేదు. అలసిపోయి ఏడ్చే గంటలో కూడా అది మనిషిని విడిచిపెట్టదు. మీరు ఎన్నడైనా ఎవరినైనా అట్లా పట్టుకుని ఉన్నారా?

ఒక మధ్యాహ్నం నేను వంగి ఆమె కాళ్లకు నూనె రాస్తుంటే అత్తమ్మ ఎడమ చేత్తో నా జడ పట్టుకుని గుంజింది. నేను కోడలిగా వచ్చిన కొత్తలో, ఆటపట్టించడానికి అట్లాగే గుంజేది. మాట పోయినా ఆ గుంజడం పోలేదు. ఇద్దరం నవ్వాం. ఆమె నవ్వు ఒక పక్కకే వచ్చింది. అప్పుడు మీరు వచ్చారు. పిలిచినన్నాళ్లూ రానివారు, మిమ్మల్ని పూర్తిగా మరిచిపోయిన ఘడియలో వచ్చారు. వచ్చి ఎంతసేపు ఉన్నారని? నూనె చెయ్యి కడుక్కునేలోపే లేరు. ఆ రాకకు నేను రుణపడి ఉన్నాను, నిజంగా రుణపడి ఉన్నాను. కానీ ఆ క్షణం కోసం నేను అన్నేళ్లు చేశానని ఎవరైనా అంటే ఒప్పుకోను.

ఆమె పోయాక మీ మనుషులు మళ్లీ వచ్చారు. పదకొండో రోజు వంటలు ఇంకా పొయ్యి మీదే ఉన్నాయి, "అయిందేదో అయింది, ఇక నువ్వు హ్యాపీగా ఉండు" అన్నారు. ఇంత ఏడవకూడదన్నట్టు మాట్లాడారు. దుఃఖానికి ఒక చోటు, ఒక కాలం ఇవ్వడం మా బస్తీకి తెలుసు. మొహర్రం పదో రోజున దబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం ఏనుగు మీద కదిలితే, ఎప్పుడో పదమూడు వందల ఏళ్ల కిందటి మరణానికి వేలమంది వట్టి కాళ్లతో నడిచి గుండెలు బాదుకుంటారు. ఆషాఢంలో మా హరిబౌలి అక్కన్న మాదన్న గుడి నుంచి అమ్మవారి ఘటం కూడా ఏనుగు మీదే కదులుతుంది. ఆ అన్నదమ్ములు 1686లో గోల్కొండలో హతమైనవాళ్లు. బోనాలు అంటువ్యాధుల భయంలో కట్టుకున్న మొక్కు. వేపమండలు చుట్టిన కుండ నెత్తిన పెట్టుకుని, పైన దీపం ఆరకుండా, ఇరుకు గల్లీలో మెల్లగా నడుస్తుంటే మెడ పడిపోతుంది. అయినా ఆ నడకలో ఏ ఆడమనిషి ముఖం చూసినా మీ కోసం వచ్చినట్టు ఉండదు. ఇంటిల్లిపాదినీ కాయమని వచ్చినట్టు ఉంటుంది. మీరే గురి అనుకుంటే ఈ ఊరి రెండు పెద్ద ఊరేగింపులూ అర్థం కావు.

మీకు న్యాయం చేయకుండా ఉత్తరం ముగించడం నాకిష్టం లేదు. మీరు పనికొచ్చిన రోజులు ఉన్నాయి. బతుకంటే ఓర్చుకోవడమేనని, నొసట రాసినదింతేనని ఆడవాళ్లకు చెప్పిన కాలం ఒకటుంది. అప్పుడు, మాకూ సంతోషంగా ఉండే హక్కుందని ఎవరైనా అనడమే తిరుగుబాటు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, బాల్యంలోనే భర్త పోయిన పిల్లకు మీరు జీవితాంతం నిషేధం ఎందుకు కావాలన్న ప్రశ్న ఊరంతా వినబడింది. ఆ ప్రశ్నకు మీ పేరు బలం ఇచ్చింది. మీ పేరు చెప్పుకునే ఈనాటికీ కొట్టే మొగుణ్ణి విడిచి వచ్చే పిల్లలున్నారు, వాళ్లకు నేను తలుపు తీస్తాను. మీరు లేని ఇల్లు చూసి, ఇక్కడ ఏదో తప్పు జరుగుతోందని పసిగట్టవచ్చు. అంతవరకు మీ మాట నమ్ముతాను. కానీ చూడండి, వీరేశలింగం గారు చేసింది కూడా ఒక గట్టి ముడిని పట్టుకుని విప్పడమే. పెళ్లి జరిపించారు, వెలివేతను తట్టుకున్నారు, బడులు పెట్టారు. మిమ్మల్ని వెతుక్కుంటూ తిరగలేదు.

నాకన్నా చదువుకున్నవాళ్లు కూడా మీ తీరు కనిపెట్టారు. ఇంగ్లండులో జాన్ స్టువర్ట్ మిల్ అనే ఆయన్ను, ఎక్కువమందికి ఎక్కువ సుఖం కలిగించడమే ధర్మమని నమ్మిన తండ్రి పెంచాడు. ఇరవయ్యో ఏట, 1826లో, అనుకున్నవన్నీ నెరవేరితే నాకు నిజంగా సంతోషం కలుగుతుందా అని తనను తాను అడుక్కున్నాడు. లేదని లోపలి నుంచి జవాబు వచ్చింది. మనిషి కుప్పకూలాడు. తర్వాత తేరుకుని రాసిన జీవితకథలో, మిమ్మల్ని కాక వేరేదాన్ని గురి చేసుకున్నవాళ్లకే మీరు దారిలో ఎదురవుతారని చెప్పాడు. 2011లో అమెరికాలో ఐరిస్ మాస్, ఆమె తోటి పరిశోధకులు చూసినదీ దీనికి దగ్గరే: మీకు అమితమైన విలువ ఇచ్చేవాళ్లు, అన్నీ సవ్యంగా ఉన్న వేళలోనే, అనుకున్నంత సంతోషం కలగలేదని డీలాపడ్డారు. మన తైత్తిరీయోపనిషత్తు ఇంకా ముందే మీకు ఒక కొలత కట్టింది. వయసు, బలం, చదువు, భూమినిండా సంపద ఉన్న యువకుడి ఆనందం ఒక పాలు. దానికి నూరు రెట్లు, మళ్లీ నూరు రెట్లు, అట్లా గంధర్వులు, దేవతలు, ఇంద్రుడు, బ్రహ్మ దాకా పోతుంది. కానీ ఆ పైకి పోయే ప్రతి మెట్టు దగ్గరా, కోరిక తగలని వేదజ్ఞుడికి ఆ ఆనందం అప్పటికే ఉందని ఆగి చెబుతుంది. మీ వెంట పడనివాడికి మీరు ముందే అందారన్నమాట. ఇంత పాత స్వభావం మీది. మరి మాకు దండోరా వేసేవాళ్లను మీరెందుకు ఆపరు?

అందుకని నా మనవి ఇది. బతుకుకు గురిగా మీ పేరు వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోండి. ఆ చోటు నీళ్లకు ఇవ్వండి, నాలాకు ఇవ్వండి, తిప్పి పడుకోబెట్టాల్సిన మనిషికి ఇవ్వండి, వరసలో దించాల్సిన రాయికి ఇవ్వండి. దుఃఖంలో ఉన్నవాళ్ల ఇంటికి మీ మనుషులను నెల తిరగకముందే పంపకండి. పరీక్షా ఫలితాల గేటు దగ్గర నిలబడకండి.

ఇంకొక్క సంగతి. మా మనవరాలు ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది, నర్సింగ్‌లో చేరతానంటోంది. మా అత్తమ్మ మంచం దగ్గర నాకు దిండ్లు అందించిన పిల్ల. చుట్టాలంతా ఆ పని రాత్రి డ్యూటీలది, మలమూత్రాలది, అందులో సంతోషం ఏముంటదే అని అడుగుతున్నారు. ఆ పిల్ల జవాబు చెప్పలేక నా ముఖం చూస్తోంది. ఫీజు కట్టడానికి వచ్చే సోమవారం నేనే వెంట పోతున్నాను. ఆ పిల్ల ఏ వార్డులో ఉన్నా, అక్కడి పని మధ్యలో మీరు ఎప్పుడైనా వస్తే మంచిదే, రండి. పేషెంటుకు మందు వేసే టైమైతే మాత్రం కొంచెం పక్కకు జరిగి దారి ఇవ్వండి.

ఇట్లు,
మీ పట్ల గౌరవం ఇంకా మిగిలి ఉన్న
ఒక రిటైర్డ్ పంతులమ్మ,
శాలిబండ, హైదరాబాదు